రాడార్ బొమ్మకి నడిబొడ్డున ఎవరున్నారు?

నైట్ షిఫ్టుకి బయల్దేరే ముందు మనలో చాలామంది చేసే పని ఒకటుంది. ఫోన్‌లో వాన యాప్ తెరిచి నీలం, పచ్చ, పసుపు మరకలు మన వీధి వైపు వస్తున్నాయా, పక్కకి పోతున్నాయా అని చూసుకుంటాం. సైకిల్ మీద డెలివరీ చేసే తమ్ముళ్ళకీ, తెల్లవారుజామున 4 గంటల బస్సు పట్టుకునే గోడౌన్ వాళ్ళకీ, హాస్పిటల్ డ్యూటీలకి పరిగెత్తే చెల్లెళ్ళకీ ఇది అలవాటే. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే మాత్రం ఇంకో బొమ్మ కూడా తెరుస్తాం. మచిలీపట్నం రాడార్, విశాఖ రాడార్. ఇంటికి ఫోన్ చేసే ముందు అది చూస్తాం.

ఇక్కడి బొమ్మ, అక్కడి బొమ్మ రెండూ ఒకే రకం లెక్క మీద నడుస్తాయి. ఆ లెక్క చరిత్రలో పెద్ద ముక్క జర్మనీలోనే జరిగింది. మనం రోజూ ట్రెయిన్ మారే ఊళ్ళలోనే. అది మనవాళ్ళకి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. పోస్టు పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క సంగతి. భయపడకండి, మీకు తెలిసిందే.

స్కూల్లో గ్రాఫ్ కాగితం మీద చుక్క పెట్టడం నేర్పారు. అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత. ఎక్స్, వై. కానీ ఊళ్ళో దారి అడిగితే ఎవరైనా అలా చెప్తారా? "ఇట్టా తూర్పుగా రెండు ఫర్లాంగులు పో నాయనా, చెరువు వస్తది" అంటారు. దిక్కు ఒకటి, దూరం ఒకటి. ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, దీన్నే ధ్రువ నిరూపకాలు అన్నారు. దూరం ఆర్, కోణం థీటా. మన అమ్మమ్మలు ఆ పేరు వినకుండానే జీవితమంతా అదే పద్ధతిలో దారి చెప్పారు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎక్స్, వై గ్రాఫ్‌లో ఊరు ఊరే, ఎవరు చూసినా ఒకే చోట ఉంటుంది. దిక్కు, దూరం పద్ధతిలో అలా కాదు, చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడో అదే నడిబొడ్డు. మచిలీపట్నంలో నిలబడితే అవనిగడ్డ నైరుతి వైపు, దాదాపు 30 కిలోమీటర్లు. విశాఖలో నిలబడితే అదే అవనిగడ్డకి వేరే దిక్కు, ఎంతో ఎక్కువ దూరం. ఊరు కదల్లేదు, చూసేవాడు మారాడంతే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక చరిత్ర.

1904 మే నెల, కొలోన్. మనం ఫోటోలు దిగే ఆ పెద్ద చర్చి పక్కన, రైన్ ఒడ్డున, క్రిస్టియన్ హ్యూల్స్‌మయర్ అనే 22 ఏళ్ళ కుర్రాడు ఒక యంత్రాన్ని జనానికి చూపించాడు. పేరు టెలిమొబిలోస్కోప్. అది రేడియో తరంగాల్ని వదులుతుంది. నది మీద ఇనుప ఓడ ఉంటే ఆ తరంగం తగిలి వెనక్కొస్తుంది, యంత్రంలో గంట మోగుతుంది. మంచులో, చీకట్లో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడాలని అతని ఆశ. పేటెంటు తీసుకున్నాడు. జూన్‌లో రోటర్‌డామ్ తీసుకెళ్ళి ఓడల కంపెనీలకి చూపించాడు. ఎవరూ కొనలేదు. జర్మన్ నౌకాదళమూ వద్దంది.

ఆ యంత్రానికి ఒక లోటుంది. ఏ దిక్కున ఓడ ఉందో చెప్తుంది గానీ ఎంత దూరంలో ఉందో సరిగ్గా చెప్పలేదు. తర్వాత అదే ఏడాది ఇంకో పేటెంటులో, కోణం చూసి దూరం అంచనా వేసే ఉపాయం చేర్చాడు గానీ అది నేరుగా కొలవడం కాదు. మన భాషలో చెప్పాలంటే థీటా దొరికింది, ఆర్ దొరకలేదు. సగం అడ్రసు.

రెండో సగం దొరకడానికి 30 ఏళ్ళు పట్టింది. 1930ల మధ్యలో కీల్ రేవులో రుడాల్ఫ్ క్యూన్‌హోల్డ్ అనే నౌకాదళ శాస్త్రవేత్త, గెమా అనే కంపెనీ కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. తరంగాన్ని ఆగకుండా వదలకుండా చిన్న చిన్న ముక్కలుగా వదిలి, ముక్క వెళ్ళి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే దూరం వచ్చేస్తుంది. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నదాన్ని తాకి వెనక్కి రావడానికి సెకనులో 1,500వ వంతు చాలు. అంత చిన్న కాలాన్ని కొలవగలిగిన రోజున ఆర్, థీటా రెండూ చేతికొచ్చాయి.

కానీ చేతికొచ్చినవి అంకెలే, బొమ్మ ఇంకా లేదు. ఇక్కడే మనలాంటి పనివాళ్ళు కథలోకి వస్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ రాడార్లు, ఫ్రేయా, వ్యూర్ట్స్‌బుర్గ్ లాంటివి, తెర మీద ఒక గీతే చూపించేవి. గీత మీద ఎక్కడ బుడిపె లేస్తే అంత దూరంలో విమానం ఉన్నట్టు. దిక్కు కావాలంటే యాంటెన్నా ఎటు తిరిగి ఉందో చదవాలి. ఒకరు ఆ రెండు అంకెలూ చదివి ఫోన్‌లో చెప్పేవారు. ఇంకో గదిలో సీబుర్గ్ బల్ల అని ఒక ఏర్పాటుండేది. మసక అద్దం మీద ఆ ప్రాంతం మ్యాపు, దాని మీద రంగు వెలుగు చుక్కలు. ఫోన్‌లో విన్న దిక్కు, దూరం ప్రకారం మనుషులు ఆ చుక్కల్ని జరిపేవారు. ఒక చుక్క బాంబర్ విమానం, ఒక చుక్క దాన్ని వేటాడే విమానం. మ్యాపు చుట్టూ నిలబడ్డ అధికారి ఆ చుక్కలు చూసి ఆర్డర్లు ఇచ్చేవాడు.

ఈరోజు పారావ్యూ, పైథాన్‌లో ఒక్క లైన్‌తో అయ్యే పని అది. అప్పట్లో అది రాత్రంతా చెవికి ఫోన్ ఆనించుకుని కూర్చునే ఉద్యోగం. చాలాచోట్ల ఆ కంట్రోల్ గదుల్లో పనిచేసింది పడుచు అమ్మాయిలు. అదే సమయంలో ఈ దేశపు యుద్ధ పరిశ్రమలో లక్షలమంది విదేశీయుల్ని బలవంతంగా పట్టుకొచ్చి పని చేయించారు. ఈ టెక్నాలజీ పుట్టుకని పొగిడేటప్పుడు అది మరిచిపోకూడదు. మనం కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వచ్చినవాళ్ళం, వాళ్ళకి ఆ అవకాశం లేదు.

మనిషి చేతితో చుక్క జరిపే పనిని తప్పించింది గుండ్రటి తెర. యుద్ధ కాలంలోనే బ్రిటన్‌లో ముందుగా, తర్వాత జర్మనీలోనూ వచ్చింది. జర్మన్ రాడార్లలో యాగ్డ్‌ష్లాస్ అలాంటిది. సినిమాల్లో చూస్తాం కదా, నడుమ నుంచి ఒక వెలుగు గీత గడియారం ముల్లులా తిరుగుతూ ఉంటుంది, అదే. బయట యాంటెన్నా తిరిగితే లోపల తెర మీద గీత కూడా అదే కోణంలో తిరుగుతుంది. గీత మీద నడుమ నుంచి ఎంత దూరంలో మెరిస్తే అంత దూరంలో వస్తువు. లెక్క కట్టే మనిషి అక్కర్లేదు, తెరే ధ్రువ నిరూపకాల గ్రాఫ్ కాగితం అయిపోయింది.

ఆ తెర మీద పనిచేసేవాళ్ళని ఒక విషయం చికాకు పెట్టేది. వాన పడితే తెరంతా మరకలు, విమానం కనబడేది కాదు. యుద్ధం అయిపోయాక వాతావరణ శాస్త్రవేత్తలు ఆ చికాకునే పట్టుకున్నారు. విమానానికి అడ్డొచ్చే మరకే రైతుకీ, జాలరికీ కావాల్సిన కబురు. అలా వాన రాడార్ పుట్టింది.

ఇప్పుడు కంప్యూటర్ కాలానికి వద్దాం. కంప్యూటర్ తెర గుండ్రంగా తిరగదు. అది అడ్డం వరసలు, నిలువు వరసలు ఉన్న గళ్ళ గుడ్డ లాంటిది. రాడార్ మాత్రం బండి చక్రానికి ఆకులున్నట్టు, నడుమ నుంచి 360 వైపులకీ కొలతలు పంపుతుంది. జర్మన్ వాతావరణ శాఖ డీడబ్ల్యూడీ వాళ్ళ పాత డేటా ఒకటి, డీఎక్స్ అని, సరిగ్గా అలాగే ఉండేది. 360 కమ్మీలు, ఒక్కో కమ్మీ మీద 128 కొలతలు, ఒక్కోటి 1 కిలోమీటరు. ఫైలు తెరిస్తే అది 360 వరసలు, 128 నిలువులు ఉన్న మామూలు పట్టిక. అలాగే గీస్తే నలుచదరపు బొమ్మ వస్తుంది, అందులో ఏ ఊరూ గుర్తుపట్టలేం. చక్రాన్ని ఒకచోట కోసి చాపలా పరిచినట్టు ఉంటుంది.

దాన్ని మళ్ళీ చక్రంగా చుట్టాలి. పారావ్యూ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కాలిక్యులేటర్ అనే సాధనంతో ప్రతి కొలతకీ ఎక్స్, వై లెక్కకట్టి కొత్త చోట కూర్చోబెడతారు. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి నేరుగా గుండ్రటి గ్రాఫే ఉంది. జర్మనీలో పోట్స్‌డామ్, స్టుట్‌గార్ట్ యూనివర్సిటీల వాళ్ళు వాన రాడార్ కోసమే రాడ్‌లిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాశారు, 2013లో దాని గురించి పరిశోధన వ్యాసం కూడా వేశారు. 2017లో చట్టం మారాక డీడబ్ల్యూడీ డేటా కూడా చాలావరకు అందరికీ ఉచితం. ఇక్కడ మాస్టర్స్ చేస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎవరైనా ఇంట్లో కూర్చుని ఈ బొమ్మ గీసుకోవచ్చు.

అయితే మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. ఇవి చదువుకునేవాళ్ళ కోసం చెప్తున్నా, కానీ బొమ్మ చూసే అందరికీ పనికొస్తాయి.

మొదటిది, సున్నా ఎక్కడ? లెక్కల పుస్తకంలో సున్నా కోణం తూర్పున ఉంటుంది, గడియారానికి ఎదురు దిశలో పెరుగుతుంది. వాతావరణం వాళ్ళకి సున్నా ఉత్తరాన, గడియారం తిరిగే వైపే పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ మామూలుగా లెక్కల పుస్తకం పద్ధతే పాటిస్తుంది. మనం చెప్పకపోతే ఏమవుతుంది? మచిలీపట్నానికి సరిగ్గా తూర్పున 60 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీద ఉన్న మేఘం, బొమ్మలో ఉత్తరానికి పోయి ఏలూరు మీద కూర్చుంటుంది. రంగులు బాగుంటాయి, బొమ్మ అందంగా ఉంటుంది, ఊరు తప్పు.

రెండోది, డిగ్రీలా రేడియన్లా? సైన్, కొసైన్ లెక్కలు కంప్యూటర్‌లో రేడియన్లు అడుగుతాయి, రాడార్ ఫైలు డిగ్రీలు ఇస్తుంది. మార్చకుండా వేస్తే మేఘాలన్నీ చిందరవందర అయిపోతాయి. ఇది కంటికి కనబడే తప్పు కాబట్టి నయం.

మూడోది అసలైనది. చక్రం ఆకులు నడుమ దగ్గర దగ్గరగా, అంచున దూరం దూరంగా ఉంటాయి కదా. 1 డిగ్రీ కమ్మీ, రాడార్‌కి 10 కిలోమీటర్ల దూరంలో 175 మీటర్ల వెడల్పు. 100 కిలోమీటర్ల దూరంలో 1,750 మీటర్లు. దగ్గరున్న వీధికి వీధి తేడా తెలుస్తుంది, దూరంగా ఉన్న పల్లెకి నాలుగు పల్లెలు కలిపి ఒకే రంగు. ఇంకొకటి, భూమి గుండ్రంగా ఉంది, పుంజం కొంచెం పైకి ఎత్తి ఉంటుంది. సగం డిగ్రీ ఎత్తులో పంపిన పుంజం 100 కిలోమీటర్లు పోయేసరికి నేల మీద నుంచి దాదాపు కిలోమీటరున్నర పైన ఉంటుంది. దాని కింద ఏం కురుస్తోందో అది చూడదు.

ఆ ఖాళీల్ని సాఫ్ట్‌వేర్ ఎలా నింపుతుందో కూడా తెలుసుకోవాలి. ఒక్కో కొలతని తీసుకెళ్ళి తెర మీద చుక్కగా పెడితే నడుమ చుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అంచున గళ్ళు ఖాళీగా మిగులుతాయి. అందుకని ఉల్టాగా చేస్తారు. తెర మీద ప్రతి గడీ "నేను రాడార్‌కి ఏ దిక్కున, ఎంత దూరంలో ఉన్నాను" అని అడిగి తన కొలత తెచ్చుకుంటుంది. ఖాళీ ఉండదు. కానీ దూరపు గళ్ళన్నీ ఒకే కొలతని పంచుకున్నాయని చూసేవాడికి తెలియదు. బొమ్మ నున్నగా ఉంటే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది.

అందుకే దేశాలు ఒక్క రాడార్‌ని నమ్ముకోవు. జర్మనీలో 17 వాన రాడార్లు రోజంతా పనిచేస్తాయి. ఒక్కోదానికి తన నడిబొడ్డు ఉంది. ఆ 17 చక్రాల్నీ విప్పి, నేల మీద వాన కొలిచే పాత్రల లెక్కతో సరిచూసి, ఒకే గళ్ళ మ్యాపు మీద పరిచే పద్ధతి రాడోలాన్, 2005 నుంచి నడుస్తోంది. ఒక్కో గడి 1 కిలోమీటరు. మన యాప్‌లో కనబడే మ్యాపు ఇలాంటి కలపడంలోంచే వస్తుంది. 17 మంది చూసేవాళ్ళు తలా ఒక దిక్కు చెప్తే, అందరి మాటా కలిపి ఒక ఊరి మాట చేసినట్టు.

ఇప్పుడు మన ఊరి సంగతి.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ తారీఖుతో సహా చెప్తారు. సముద్రం అయిదు మీటర్ల ఎత్తున లేచి వచ్చింది. సొర్లగొంది, హంసలదీవి లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళు దాదాపు 10,000 అని ప్రభుత్వ లెక్క, జనం చెప్పేది ఇంకా ఎక్కువ. విశాఖలో తుఫాను రాడార్ 1970లోనే పెట్టారు. మచిలీపట్నానికి మాత్రం రాడార్ వచ్చింది ఉప్పెన తర్వాతే. పైన చెప్పిన చక్రం లెక్క గుర్తుందా? విశాఖ నడిబొడ్డుగా గీసిన బొమ్మలో దివిసీమ ఎక్కడో అంచున ఉంటుంది.

1990 మేలో మళ్ళీ కృష్ణా డెల్టా మీదికే పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి ముందే చూశారు, లక్షన్నర మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. అయినా దాదాపు వెయ్యి మంది పోయారు. కానీ 1977తో పోల్చి చూడండి. రాడార్ ఒక్కటే కాపాడిందని నేను అనను. బస్సులు పెట్టినవాళ్ళు, ఇల్లిల్లూ తిరిగి లేపినవాళ్ళు, స్కూళ్ళు తెరిచినవాళ్ళు కాపాడారు. రాడార్ వాళ్ళకి టైము ఇచ్చింది.

ఆ తర్వాత పాత రాడార్ల చోట డాప్లర్ రాడార్లు వచ్చాయి. 2002లో చెన్నై, ఆ వెనక కోల్‌కతా, మచిలీపట్నం, విశాఖ. ఈ నాలుగింటినీ తయారుచేసింది గెమాట్రోనిక్ అనే కంపెనీ. అది ఎక్కడుందో తెలుసా? నాయిస్‌లో. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి రైన్ దాటితే వచ్చే ఊరు, కొలోన్ నుంచి రీజనల్ ట్రెయిన్‌లో ఎంతో దూరం కాదు. హ్యూల్స్‌మయర్ గంట మోగించిన అదే నది ఒడ్డు ప్రాంతం నుంచి, వందేళ్ళకి మన బందరుకి యంత్రం వెళ్ళింది. మనం అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాం, ఆ యంత్రం ఇక్కడి నుంచి అక్కడికి పోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కైలాసగిరి మీది విశాఖ రాడార్ కూడా ఆ గాలికి దెబ్బతింది. చూసేవాడు నడిబొడ్డున ఉండటమంటే తుఫానుకీ నడిబొడ్డున ఉండటమే ఒక్కోసారి.

మరి ఇంత పరికరాలున్న జర్మనీలో అంతా బాగుందా? 2021 జూలై 14 రాత్రి గుర్తుచేసుకోండి. ఆర్ నది లోయ. ఒక్క రోజులో చాలాచోట్ల 100 మిల్లీమీటర్లకు పైగా వాన. రాడార్లు చూశాయి, వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. అయినా ఆ ఒక్క లోయలోనే 130 మందికి పైగా పోయారు. నది రైన్‌లో కలిసే జిన్‌జిగ్‌లో, ఒక దివ్యాంగుల హోమ్‌లో 12 మంది నిద్రలోనే నీళ్ళలో చిక్కుకుని చనిపోయారు. పైనున్న ఊళ్ళు సాయంత్రానికే మునిగాయి, కింద జిన్‌జిగ్‌కి నీళ్ళు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. మధ్యలో కొన్ని గంటలున్నాయి. ఆ గంటల్లో "నీళ్ళు మీ గుమ్మానికి వస్తున్నాయి, పైకెక్కండి" అని వాళ్ళని లేపి తీసుకెళ్ళగలిగినవాళ్ళు సమయానికి అందలేదు.

దిక్కు, దూరం నుంచి ఎక్స్, వైకి మార్చడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మ్యాపు మీది గడి నుంచి ఒక మనిషి గుమ్మానికి మార్చడం ఇంకో లెక్క. సీబుర్గ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ ఉద్యోగం పోయింది గానీ ఈ రెండో పని పోలేదు. దాన్ని ఇప్పటికీ మనుషులే చెయ్యాలి.

జర్మనీ ఆ తర్వాత 2023 ఫిబ్రవరి నుంచి సెల్ బ్రాడ్‌కాస్ట్ తెచ్చింది. యాప్ లేకపోయినా, ఆ టవర్ కింద ఉన్న ఫోన్లు గట్టిగా మోగుతాయి. మంచిదే. కానీ మనలో ఎంతమంది సూటెరాయిన్ గదుల్లో, అంటే సగం నేల కింద ఉండే గదుల్లో ఉంటున్నాం? అద్దె తక్కువని తీసుకుంటాం. ఎంతమందికి ఆ జర్మన్ మెసేజ్ అర్ధరాత్రి ఒక్కసారి చదివితే అర్థమవుతుంది? కొత్తగా వచ్చిన పిల్లలు, భాష ఇంకా ఏ1లో ఉన్నవాళ్ళు, ఆ శబ్దాన్ని అలారం అనుకుని ఆపేసి పడుకుంటారు.

కాబట్టి ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. మీ యాప్‌లో మీరుండే ఇల్లు, పని చేసే చోటు రెండూ పెట్టుకోండి. మీ వాట్సాప్ గ్రూపులో జర్మన్ బాగా వచ్చిన ఒకరిని అడగండి, హెచ్చరిక వస్తే రెండు లైన్లు తెలుగులో పెట్టమని. నేల కింద గదిలో ఎవరున్నారో పేర్లు రాసుకోండి, వాళ్ళకి ఫోన్ చెయ్యాల్సింది ఎవరో ముందే అనుకోండి. ఇంటి దగ్గర కూడా అంతే. తుఫాను వచ్చినప్పుడు బందరు రాడార్ బొమ్మ స్క్రీన్‌షాట్ తీసి పంపితే అమ్మకి ఏం తెలుస్తుంది? "అమ్మా, ఇంకో మూడు గంటల్లో మన ఊరికొస్తది, బడి దగ్గరికి పోండి, గేదెల్ని విప్పేయండి" అని చెప్తే తెలుస్తుంది.

సూటెరాయిన్‌లో ఉంటున్న మనవాళ్ళు, మీ ఊరు, వీధి పక్కన నది గానీ వాగు గానీ ఉందో లేదో నాకు మెసేజ్ పెట్టండి. ఎవరి దగ్గర ఎవరున్నారో చూసి జంటలు కలుపుదాం.